నీళ్లు లేని మలుపు

ఈమధ్య మా పాత ట్రావెల్స్ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలిద్దరు నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. "సార్, ఇరవై ఏండ్లు టూర్లు నడిపినారంట కదా, మాకు నాలుగు మెలకువలు చెప్పండి" అన్నారు. మెలకువలు బోలెడు చెప్పాను. వాంతులు చేసుకునేవాళ్లను బస్సులో ఎక్కడ కూర్చోబెట్టాలి, లాడ్జి వాడు వేన్నీళ్లు లేవంటే ఎట్లా మాట్లాడాలి, తప్పిపోయిన మనిషి కోసం ముందు ఎక్కడ వెతకాలి, ఇలాంటివన్నీ. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. నోటితో చెప్పడానికి సిగ్గేసింది. అందుకే రాస్తున్నాను, తీరిక దొరికినప్పుడు చదువుకుంటారు.

రెండువేలు దాటిన తొలి ఏళ్లలో జరిగింది ఇది. అప్పట్లో మా అనంతపురం జిల్లా పల్లెల నుంచి ఊరుమ్మడి టూర్లు బయలుదేరేవి. శెనక్కాయ పంట కాస్తో కూస్తో ఇంటికొచ్చి, మళ్లీ దుక్కులు మొదలయ్యేలోపల ఒక ఊరివాళ్లంతా కలిసి మా బస్సు మాట్లాడుకునేవారు. ఎక్కువ మంది అడిగేది ఊటీ. అన్నం నీళ్లు మావే, గైడును నేను. మాతో వంటమాస్టరు, బియ్యం మూటలు, ఇంతింత గుండిగలు కూడా బస్సెక్కేవి.

మా వంటమాస్టరుది కొత్తచెరువు. వంట చేస్తే వేళ్లు నాక్కోవాల్సిందే, కానీ చలికీ ఆయనకీ పడదు. ఊటీలో దిగిన దగ్గర్నుంచి చెవులకు మఫ్లరు కట్టుకుని పప్పును తిట్టేవాడు. అంత ఎత్తున కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. "ఈ కొండల్లో మనుషులు ఏం తిని బతుకుతాండారప్పా" అని ప్రతి టూరులోనూ ఆశ్చర్యపోయేవాడు. డ్రైవరుది పామిడి. అందరం భాయ్ అనేవాళ్లం. నాకంటే పదేళ్లు పెద్ద. మాట తక్కువ, ఘాట్ రోడ్డు మీద చెయ్యి చాలా నిదానం. ఆ దారిలో ప్రతి మలుపూ ఆయనకు తెలుసు.

ఇక నేను. నా గొప్పంతా నోటిలో ఉండేది. మైకు చేతికొస్తే నేను చెప్పేది నాకే ముచ్చటగా ఉండేది. మంచు కమ్మి పెద్ద శిఖరం కనబడలేదనుకోండి, కనబడుతున్న గుట్టను చూపించి "ఇదే అది" అనేవాణ్ణి. అందరూ దండం పెట్టి ఫోటో దిగేవారు. దూరమైన చోటికి బదులు దగ్గరున్న చోటికి ఆ పేరు పెట్టేసేవాణ్ణి. చూశామన్న సంతోషం వాళ్లకు, టైము మిగిలిందన్న సంతోషం నాకు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేవాణ్ణి. చాలా ఏళ్లు నిజంగానే ఎవరికీ నష్టం జరగలేదు.

ఆసారి బెళుగుప్ప దగ్గరి ఒక పల్లె నుంచి నలభై మంది దాకా వచ్చారు. వాళ్లలో అరవై దాటిన పెద్దాయన ఒకాయన భాయ్ వెనక సీట్లో కూర్చున్నాడు. చంకలో ఒక గుడ్డసంచి. దాన్ని పైన సామాన్ల దగ్గర పెట్టమంటే పెట్టలేదు, ఒళ్లో పెట్టుకున్నాడు.

మొదటి రోజు అందరినీ ఊటీ చెరువుకు తీసుకుపోయాను. అన్ని నీళ్లు ఒక్కచోట చూసి ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఒకామె దోసిలితో తీసుకుని నెత్తిన చల్లుకుంది. ఈ పెద్దాయన మాత్రం గట్టు మీద కాసేపు నిలబడి నా దగ్గరికి వచ్చాడు.

"ఇవి నిలబడిన నీళ్లప్పా. ఇవి కాదు. నేల కింద పారే నీళ్లు యాడన్నా ఉండాయా?"

నాకు అలాంటి చోటు ఒకటి తెలుసు. చాలా ఏళ్ల కిందట ఒక టీ తోట కాపలావాడు చూపించాడు. గూడలూరు వైపు దిగే దారిలో, రోడ్డు నుంచి అరగంట నడక. ఒక వాగు గడ్డి కిందికి దూరిపోతుంది. యాభై అడుగులు పైన ఉత్త పచ్చిక. ఆ తర్వాత బండ అంచున మళ్లీ బయటపడి కిందికి దూకుతుంది. నడుమ నిలబడితే కాళ్ల కింద నీళ్ల శబ్దం సన్నగా వినబడుతుంది. ఈ సంగతి నాకు నిజంగా తెలిసిన కొద్ది సంగతుల్లో ఒకటి. అందుకే చెప్పేటప్పుడు ఇంకా రెచ్చిపోయాను. మైకులో బస్సు మొత్తానికి చెప్పాను. ఆఖరు రోజు దిగేటప్పుడు తప్పకుండా చూపిస్తానని మాటిచ్చాను.

ఆ సాయంత్రం లాడ్జి వెనక వంటమాస్టరు పొయ్యి దగ్గర చలి కాచుకుంటుంటే పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. సంచిలోంచి తువ్వాలులో చుట్టిన టెంకాయ తీసి చూపించాడు. పీచు తీసి పిలక ఉంచిన కాయ. అప్పుడు అర్థమైంది నాకు, ఆయన నీళ్లు చూసే మనిషి.

మా జిల్లా పిల్లలకు చెప్పనక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెబుతాను. బోరు వేయించే ముందు ఏ చోట వేయాలో చూసి చెప్పేవాళ్లు మా పల్లెల్లో ఉంటారు. కొందరు వేపకొమ్మ పట్టుకుంటారు. కొందరు టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా నడుస్తారు. కింద నీళ్లుంటే కాయ దానంతట అది లేచి నిలబడుతుందంటారు. అక్కడ సున్నం గుర్తు పెడతారు, లారీ వచ్చి ఆ గుర్తు మీదే బోరు దించుతుంది.

"నేను చూపిన బోర్లు మొదట్లో అన్నీ పడినాయప్పా" అన్నాడు పెద్దాయన. "చుట్టుపక్కల ఊర్ల నుంచి బండి కట్టుకోని వచ్చి పిల్చుకపోయేటోళ్లు. నాలుగైదేండ్ల నుంచి ఒగటీ పడల్యా. దుమ్ము తప్ప ఏం రాల్యా. ఈయప్పకు చెయ్యి పోయిందని ఊర్లో అంటాండారు. ఎదురుగానే అంటాండారు."

"వానలు లేకపోతే బోర్లు ఎట్లా పడతాయి పెద్దాయనా" అన్నాను.

"నేనూ అదే అనుకుంటా. మళ్లా అనుమానమొస్తాది. నేల ఎండిందా, నా చెయ్యే ఎండిందా? అది నాకు తెలియాల. నీళ్లుండాయని ఖాయంగా తెలిసిన చోట నిలబడితే తేలిపోతాది. మన పక్క అట్లాంటి చోటు యాడుండాది చెప్పు?"

వంటమాస్టరు గరిటె తిప్పడం ఆపి ఆయన వైపు చూశాడు.

"మా తమ్ముని కొడుకు ఈ ఎండాకాలం ఆఖరి బోరు ఏపిస్తానంటాండాడు. దాని తర్వాత ఇంగ వాని చేతిలో ఏం ల్యా. పాయింటు నన్నే చూపమంటాండాడు, పెదనాయన మింద నమ్మకం వానికి. చెయ్యి బాగుంటే చూపిస్తా. పోయింటే చూపను. వాని కొంప నేను ముంచను."

"ఎల్లుండి తేలిపోతుందిలే" అన్నాను. ఆయన టెంకాయను మళ్లీ తువ్వాలులో చుట్టుకున్నాడు.

ఆఖరు రోజు ఆదివారం. పొద్దున ఎనిమిదికి బయలుదేరాలి. ఆదివారం సాయంత్రం మైసూరు ప్యాలెస్‌కు దీపాలు పెడతారు. టూరు మాట్లాడుకునేటప్పుడే ఊరివాళ్లు ముఖ్యంగా అడిగింది అదే. అంటే చీకటి పడేలోపల మైసూరు చేరితీరాలి. పొద్దున్నే మా వంటమాస్టరు పప్పు మొండికేసింది. తొమ్మిదిన్నర దాకా ఉడకలేదు. ఉడికిందాకా ఆయన కదలడు. ఆ తర్వాత మార్కెట్ దగ్గర ఆడవాళ్లు క్యారెట్లు చూశారు. ఆకులతో సహా కట్టలు కట్టలు కొన్నారు. మా ఎర్ర నేలలో అంత మెరుపున్న క్యారెట్టు ఎవరూ చూసి ఉండరు. ఒకామె స్వెటరు రంగు నచ్చక మార్చుకోవడానికి వెనక్కి పోయింది. ఆమె కోసం ఇద్దరు పోయారు. ఆ ఇద్దరి కోసం నేను పోయాను. బస్సు కదిలేసరికి పదకొండున్నర.

నాకు చిరాకు. వాచీ చూసుకోవడం, లెక్క వేసుకోవడం. ఆ వాగు దగ్గరికి పోవాలంటే అరగంట నడక, అరగంట వెనక్కి. ముసలివాళ్లున్నారు కాబట్టి గంటన్నర అనుకోవాలి. దారిలో అన్నాలకు ఇంకో గంట. అంటే ప్యాలెస్ దీపాలు పోయినట్టే. దీపాలు పోతే నలభై మందీ నా మీద పడతారు. వాగు పోతే ఒక్కడు అడుగుతాడు. అంత కచ్చితంగా ఆలోచించానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గానీ, ఆలోచించింది మాత్రం అదే.

ఘాట్ మొదలవడానికి ముందు ఒక మలుపు ఉంది. రోడ్డు పక్కనే పచ్చని గడ్డి మైదానం, అవతల లోయ. బస్సు ఆపడానికి చోటు బాగుంటుంది.

"భాయ్, ఈడ ఆపు" అన్నాను.

భాయ్ అద్దంలోంచి నా మొహం చూశాడు. బస్సు ఆపాడు.

నేను మైకు తీసుకున్నాను. "నేను మొన్న చెప్పిన చోటు ఇదే. ఈ గడ్డి కిందనే వాగు పారుతోంది. ఆ అంచున లోయలోకి దూకుతుంది, ఇప్పుడు మంచు వల్ల కనబడదు, గాలికి శబ్దం కూడా వినబడదు. పది నిమిషాలు టైము."

ఇంత తేలిగ్గా చెప్పాను. అంతకు ముందు వంద చోట్ల వందసార్లు చెప్పినట్టే.

జనం దిగారు. కొందరు ఫోటోలు, కొందరు చెట్ల చాటుకు. పెద్దాయన చివర దిగాడు. చెప్పులు విడిచి బస్సు మెట్టు దగ్గర పక్కపక్కన పెట్టాడు. ఆ చలిలో మంచుకు తడిసిన గడ్డి మీద ఉత్త పాదాలతో నిలబడి, తూర్పు తిరిగి దండం పెట్టుకున్నాడు. టెంకాయను కుడి అరచేతిలో అడ్డంగా పెట్టుకుని మెల్లగా నడవడం మొదలుపెట్టాడు.

ఊరివాళ్లకు సంగతి తెలిసిపోయింది. ఫోటోలు ఆపేసి చూస్తున్నారు. ఆయన ఈ కొస నుంచి ఆ కొసకు పోయాడు. కాయ కదల్లేదు. అడ్డంగా తిరిగి మళ్లీ నడిచాడు. కదల్లేదు. ఒకచోట ఆగి కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. కాయ పడుకునే ఉంది.

మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి, "సరిగ్గా ఈడనేనాప్పా నీళ్లు?" అని అడిగాడు.

మీరు చదువుతున్న ఈ కథంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోవాల్సింది. "లేదు పెద్దాయనా, నేను అబద్ధం చెప్పాను, ఆ చోటు వెనకనే ఉండిపోయింది" అంటే సరిపోయేది. బస్సును వెనక్కి తిప్పితే ఇరవై నిమిషాలు. నలభై మంది నన్ను తిట్టేవారు. తిట్టి మరిచిపోయేవారు.

"ఈడనే. సరిగ్గా నీ కాళ్ల కిందనే" అన్నాను. గట్టిగా అన్నాను, అనుమానం రాకుండా.

ఆయన తల ఊపి ఇంకొకసారి అటూ ఇటూ నడిచాడు. ఊరివాళ్లలో మీసాలాయన ఒకడు, టూరంతా అందరినీ నవ్విస్తూ వచ్చినవాడు, వెనక నుంచి అన్నాడు: "కాళ్ల కింద ఏరు పోతాంటేనే టెంకాయ ల్యాయకపాయ. ఇంగ మన చేన్లలో ఏం ల్యాస్తాది మామా!"

నలుగురైదుగురు నవ్వారు. మిగతావాళ్లు నవ్వలేదు గానీ, చూపు తిప్పుకున్నారు. నవ్వినదానికంటే అదే ఆయనకు ఎక్కువ తగిలి ఉంటుంది. పెద్దాయన వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. టెంకాయను తిన్నగా వంటమాస్టరు చేతిలో పెట్టాడు.

"చట్నీకి వాడుకోప్పా" అన్నాడు.

బస్సు కదిలింది. మైకు నా చేతిలోనే ఉంది గానీ ఘాట్ దిగిందాకా నేను నోరు విప్పలేదు. గూడలూరు దాటాక భాయ్ దగ్గరికి పోయి టైము సరిపోతుందా అని అడిగాను. ఆయన రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, ముసలాయనకు వినబడకుండా గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ మలుపులో నీళ్లు యాడుండాయప్పా?"

నేను చేతిలోని మైకును కొక్కేనికి తగిలించాను.

"ముప్పై ఏండ్లుగా తిరుగుతాండా ఈ దావలో. ఆ గడ్డి కింద రాయి తప్ప ఏం ల్యా. ఆయప్పకు చెప్పు. మైసూర్లో దిగినాక చెప్పు."

"చెప్తా భాయ్" అన్నాను.

మైసూరుకు టైముకే చేరాం. ప్యాలెస్ దీపాలు ఒక్కసారిగా వెలిగినప్పుడు మా జనమంతా చప్పట్లు కొట్టారు. మీసాలాయన నా భుజం తట్టి, మీ మాదిరి గైడు లేడన్నాడు. నలభై మందిని సంతోషపెట్టానన్న మత్తులో ఉన్నాను. పెద్దాయన నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి దీపాలే చూస్తున్నాడు. ఇప్పుడు చెబితే ఈ సంతోషమంతా పాడవుతుందనుకున్నాను, అది నిజమే. కానీ పాడయ్యేది నా సంతోషమని నాకు తెలుసు. రాత్రి భోజనంలోకి వంటమాస్టరు ఆ టెంకాయతోనే చట్నీ చేశాడు. అందరితో పాటు నేనూ వేసుకున్నాను. భాయ్ వేసుకోలేదు.

మర్నాడు పొద్దున వాళ్ల ఊళ్లో అందరినీ దించేశాం. పెద్దాయన దిగుతూ, "బాగా చూపించినావప్పా, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. వెటకారంగా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఆ తర్వాత నాలుగైదేళ్లు గడిచాయి. ఈలోపల ఎన్నో టూర్లు తిప్పాను. ఆ మలుపు దగ్గర మాత్రం బస్సు ఆపమనలేదు. భాయ్ కూడా ఆపలేదు. ఒకసారి మరో టూరులో ఆ పల్లె మనిషి ఒకడు ఎక్కాడు. పలకరిస్తే, నన్ను పొగుడుతున్నాననుకుని వాడు చెప్పిన సంగతి ఇది.

"మీరే కదా సార్, ఆయప్ప గుట్టు బయట పెట్టింది! ఊటీ నుంచి వచ్చినాక ఇంగ టెంకాయ పట్టుకోల్యా. తమ్ముని కొడుకు కాళ్లా ఏళ్లా పడినా పాయింటు చూపల్యా. నాకు చెయ్యి పోయింది నాయనా, పోయి ఇంగొకరిని అడుక్కో అన్న్యాడు."

"మరి బోరు?"

"ఇంగొకాయప్ప చూపించినాడు, ఏపిచ్చినారు. యాడ పడతాది సార్? దుమ్మే. వాడు పెండ్లాం పిల్లోళ్లను తీసుకోని బెంగుళూరు పోయినాడు, బిల్డింగు పనికి."

పెద్దాయన చూపించి ఉంటే ఆ బోరు పడేదని నేను అనడం లేదు. టెంకాయకు నీళ్లు తెలుస్తాయా తెలియవా అని నన్ను అడగొద్దు, నాకు తెలియదు. ఆ రోజుల్లో ఎవరు చూపించినా మా జిల్లాలో చాలా బోర్లు ఎండిపోయినవే. బహుశా ఇది కూడా ఎండేదే. కానీ ఆ పిల్లవాడు పెదనాయన మీద నమ్మకంతో చివరి ప్రయత్నం చేయాలనుకున్నాడు. ఆయన కూడా నిజాయితీగా తనను తాను పరీక్షించుకోవాలనుకున్నాడు. ఆ పరీక్ష పెట్టినవాణ్ణి నేను. దొంగ పరీక్ష పెట్టాను. ఇంత మాత్రం నాకు తెలుసు.

భాయ్ పని మానేసి పామిడికి వెళ్లిపోతున్న రోజు ఆఫీసులో అందరం టీ తాగాం. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. "చెప్పల్యా కదా నువ్వు?" అన్నాడు. ఎవరికి, ఏమిటి అని నేను అడగలేదు.

ఆ వారంలోనే బెళుగుప్ప బస్సెక్కాను. ఆ పల్లెలో దిగేసరికి పన్నెండు గంటల ఎండ. పెద్దాయన ఇంటి ముందు పందిరి కింద కూర్చుని నులక పేనుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక లేవబోయాడు, మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు. మజ్జిగ వచ్చిందాకా ఆగితే మళ్లీ చెప్పలేనని నాకు భయం. నిలబడే చెప్పేశాను.

"పెద్దాయనా, ఆ పొద్దు నేను బస్సు ఆపిన చోట నీళ్లు లేవు. అది వేరే చోటు. టైము లేదని అబద్ధం చెప్పినా."

ఆయన చేతిలో నులక ఆగింది.

"ల్యావా?"

"లేవు."

"ఒగ చుక్క గూడా?"

"రాయి తప్ప ఏం లేదంట. డ్రైవర్ చెప్పినాడు."

చాలాసేపు ఆయన తన కుడి చెయ్యి వైపే చూసుకున్నాడు. "అయితే నా చెయ్యి ల్యావనే చెప్పింది కదా" అన్నాడు. "అది సరిగ్గానే చెప్పింది. దాని మాట నేను ఇనల్యా, నీ మాట ఇన్న్యా."

ఆయన తిడితే బాగుండునని నిలబడ్డాను. తిట్టలేదు. కండువా భుజాన వేసుకుని లేచాడు. "రాప్పా. ఈ మాట నాకు చెప్తే ఏమొస్తాది. ఊర్లో నలుగురిలో చెప్పు" అన్నాడు. అంత హుషారుగా నడవడం టూరులో కూడా చూడలేదు నేను. చిన్నపిల్లవాడిలా ముందు నడిచాడు.

బస్సు ఆగే చోట టీ హోటల్లో ఆరేడుమంది ఉన్నారు. మీసాలాయన కూడా ఉన్నాడు, మీసాలు నెరిశాయి. నన్ను చూసి అందరూ లేచి కుర్చీ వేశారు, ఊటీ సార్ వచ్చినాడని సంబరపడ్డారు. నేను కూర్చోకుండా జరిగిందంతా చెప్పాను. ఏమీ దాచుకోలేదు. నేను అబద్ధం చెప్పానని, ఆ చోట నీళ్లు లేవని, పెద్దాయన చెయ్యి తప్పు చెప్పలేదని రెండుసార్లు చెప్పాను.

వాళ్లు శ్రద్ధగా విన్నారు. విన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీసాలాయన లేచి వచ్చి నన్ను పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ అందరికీ వినబడింది.

"చానా మంచోళ్లు సార్ మీరు. ముసలాయప్ప మనసు కుదుట పడతాదని ఇంత దూరం వచ్చి ఈ మాట చెప్తాండారు. మీ మాదిరి మనిషి యాడుంటాడు సార్?"

"లేదప్పా, నిజంగానే" అన్నాను.

"మాకు తెల్దా సార్. మా ముందర మీరేమీ చెప్పుకోనక్కర్లా" అని నా భుజం తట్టాడు. హోటలాయన నా చేతిలో టీ పెట్టాడు. అందరూ నన్ను చాలా ప్రేమగా చూస్తున్నారు. నా జీవితంలో ఏ టూరులోనూ అంత మర్యాద దొరకలేదు. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. ఎంత గట్టిగా చెబితే అంత మెచ్చుకోలుగా తలలు ఊపారు.

పెద్దాయన హోటలు గుంజకు ఆనుకుని అందరి మొహాలూ చూస్తున్నాడు. వచ్చేటప్పటి హుషారు ఆయన మొహంలో మెల్లమెల్లగా తగ్గడం నాకు కనబడుతూనే ఉంది.

అనంతపురం బస్సు దూరంగా దుమ్ము రేపుకుంటూ వస్తోంది. ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"నిజం చెప్పప్పా. నా మనసు నొచ్చుకోకూడదని వచ్చినావా?"

"నా బిడ్డల మీద ఒట్టు పెద్దాయనా. అక్కడ నీళ్లు లేవు. సరిగ్గా నీ కాళ్ల కింద ఏమీ లేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలన్న ఆశ మాత్రమే ఉంది.

"ఆ పొద్దు గూడా ఇంతే గట్టిగా చెప్పినావు కదప్పా" అన్నాడు.